సంక్రాంతి కోరికల చీటీలు: మా మిద్దె తోట గ్రూపు ప్రాజెక్టు డైరీ

నవంబర్ 30, 2025

పోయిన సంక్రాంతికి నాకు శ్రీకాకుళం నుంచి ఒక కవరు వచ్చింది. పంపినావిడ మా మిద్దె తోట వాట్సాప్ గ్రూపులోనే ఉంటారు కానీ అప్పటిదాకా ఆవిడతో నేను ఒక్క మాట మాట్లాడింది లేదు. ఎప్పుడో మాటల్లో "మా అమ్మమ్మ వాళ్ళ దడి మీద నేతిబీర పాకి ఉండేది, ఇప్పుడు విత్తనం ఎక్కడా దొరకట్లేదు" అని రాశానట, నాకే గుర్తు లేదు. ఆవిడ గుర్తు పెట్టుకున్నారు. పాత క్యాలెండర్ కాగితంలో పొట్లం కట్టి ఆరు నల్ల గింజలు, పొట్లం మీద పెన్సిల్‌తో "పండగ శుభాకాంక్షలమ్మా, రాత్రంతా నానబెట్టి పెట్టు" అని. ఆరింటిలో నాలుగు మొలిచాయి. ఏడాది పొడుగునా నేతిబీరకాయ పచ్చడి తిన్నాం, పక్కింటికీ ఇచ్చాం.

అదే పండక్కి గ్రూపులో మూడు రోజుల్లో దగ్గర దగ్గర మూడొందల శుభాకాంక్షల బొమ్మలు పడ్డాయి. గాలిపటాలు, పొంగుతున్న పాలకుండ, కింద ఎవరిదో పేరు. ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. ఆ పెన్సిల్ రాత మాత్రం ఇప్పటికీ ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

అందుకే ఈ ఏడు బొమ్మలు వద్దు, ఇంకోటి చేద్దాం అనుకున్నాను. ఒక్కొక్కరూ ఒక చిన్న కోరిక రాయాలి, దాన్ని గ్రూపులో ఇంకెవరైనా తీర్చాలి. పండగలోపు. ఉన్నది 96 మందిమి, శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, హైదరాబాద్, కరీంనగర్, బెంగళూరు, చెన్నై, ఇద్దరు అమెరికాలో. గ్రూపులోనే ఉండే నెల్లూరు అక్కకి ఫోన్ చేసి చెబితే "చెయ్యి, లెక్కలు నేను చూసుకుంటా" అన్నారు.

డిసెంబర్ 2

నియమాలు పెట్టుకున్నాం. ఎక్కువ లేవు. కోరిక వంద రూపాయల్లోపు ఉండాలి, పోస్టు ఖర్చు విడిగా. డబ్బు అడగకూడదు, ఇవ్వకూడదు. ఖర్చు లేని కోరికైతే మరీ మంచిది. చిరునామా గ్రూపులో పెట్టకూడదు, నాకొక్కదానికే పంపాలి, నేను ఇచ్చేవాళ్ళకి మాత్రం చెబుతాను. గూగుల్ షీటులో మూడు గళ్ళు: కోరిక, తీర్చేది ఎవరు, చేరిందా లేదా.

వంద రూపాయల దగ్గర చాలాసేపు వాదన నడిచింది. ఇవ్వగలిగినవాళ్ళు ఎక్కువ ఇస్తే తప్పేంటి అని ఒకరిద్దరు అడిగారు. అక్క చెప్పిన మాట నాకు నచ్చింది: ఎనిమిదొందల వస్తువు వచ్చిందంటే తీసుకున్నవాళ్ళు ఆ రాత్రి నుంచి తిరిగి ఏమివ్వాలా అని లెక్క వేసుకుంటారు, ఆరు గింజలు వస్తే వెళ్ళి మట్టిలో పెడతారు. హద్దు పెట్టింది ఇచ్చేవాళ్ళ జేబు కోసం కాదు, పుచ్చుకునేవాళ్ళ మనసు తేలిగ్గా ఉండాలని.

డిసెంబర్ 5

మూడు రోజులైంది. "నేను ఇస్తాను" అన్నవాళ్ళు 31 మంది. "నాకు ఇది కావాలి" అని రాసినవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు రాసింది "అందరూ ఆయురారోగ్యాలతో ఉండాలి" అని. మంచి మాటే, కానీ దాన్ని కవర్లో పెట్టి ఎలా పంపను?

ఇది నేను అస్సలు అనుకోలేదు. ఇచ్చేవాళ్ళు దొరకరేమో అని టెన్షన్ పడ్డాను గానీ అడిగేవాళ్ళు దొరకరని తట్టలేదు. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టాను. "మాకేం కావాలండీ, దేవుడి దయవల్ల అన్నీ ఉన్నాయి", "ఈ వయసులో కోరికలేంటమ్మా", "ముందు మిగతావాళ్ళవి కానీండి". మనకి చిన్నప్పటి నుంచీ ఎవరింటికెళ్ళినా ఏదీ అడక్కూడదనే నేర్పారు కదా, పెట్టినా ముందు రెండుసార్లు వద్దనాలి. అడగడం వచ్చినవాళ్ళం కాదు మనం.

డిసెంబర్ 7

అందరినీ అడగమని చెప్పేదాన్ని ముందు నేనే అడగాలి కదా. మొన్నటి నుంచీ ఆలోచిస్తున్నాను, విత్తనాలు అడిగితే సులువు, కానీ నాకు నిజంగా కావాల్సింది అది కాదు. రాత్రి పదింటికి రాసేశాను:

"నాకు రథం ముగ్గు నేర్పండి. మా అమ్మ కనుమ రోజు వాకిట్లో వేసేది. అమ్మ పోయి మూడేళ్ళయింది. నేను పక్కన కూర్చుని చూశానే గానీ ఎక్కడ మొదలుపెట్టాలో ఎప్పుడూ అడగలేదు. యూట్యూబ్‌లో ఉన్నవి చూశాను, అవి అమ్మ వేసినట్టు లేవు. రెండు చక్రాలుండేవి, పైకి పోయేకొద్దీ మెట్లు మెట్లుగా సన్నబడేది, కొసన చిన్న జెండా."

పొద్దున లేచేసరికి పాలకొల్లు అత్తయ్యగారి మెసేజ్. అత్తయ్యగారు అంటే చుట్టరికం ఏమీ లేదు, గ్రూపులో అందరం అలాగే పిలుస్తాం. "అది చుక్కలు లేని ముగ్గే తల్లీ. నేను వేసి పంపుతా."

ఆ మధ్యాహ్నానికి ఏడు కోరికలు పడ్డాయి. సాయంత్రానికి పదహారు.

డిసెంబర్ 12

చీటీలు 43 దగ్గర ఆపేశాం. చదువుతుంటే నాకు మా గ్రూపు మనుషులు మొదటిసారి కనిపించినట్టుంది. ఇన్నాళ్ళూ మాట్లాడుకున్నది పిండినల్లి పురుగు గురించీ వేపనూనె గురించే.

విత్తనాలు అడిగినవాళ్ళే ఎక్కువ, 22 మంది: బుడమకాయ, పొట్ల, ముళ్ళ వంకాయ, తెల్ల శంఖుపుష్పం, ఎర్ర గోంగూర. ఒకరు బొడ్డుమల్లె కొమ్మ. చెన్నైలో చదువుకుంటూ హాస్టల్ కిటికీలో పుదీనా పెంచుకునే కరీంనగర్ తమ్ముడు ఈసారి పరీక్షల వల్ల పండక్కి ఇంటికి వెళ్ళలేడట, సకినాలు కావాలన్నాడు. మదనపల్లెలో పుట్టి విశాఖలో స్థిరపడిన ఒకావిడ అనపకాయలు అడిగారు, పితికిపప్పు చేసుకుని ఎనిమిదేళ్ళయిందట. గుంటూరు మాస్టారు ఉత్తరం అడిగారు. అంతే, చేత్తో రాసిన ఉత్తరం ఒకటి. "విషయం ఏదైనా ఫరవాలేదు, మీ తోటలో ఏం కాసిందో రాసినా చాలు."

డల్లాస్ నుంచి ఒకమ్మాయి: "మా బాబుకి ఈ ఏడు భోగిపళ్ళు పోస్తున్నాం. ఇక్కడ పెద్దవాళ్ళెవరూ లేరు. రేగుపళ్ళు పంపొచ్చా?" పంపలేం. పచ్చి పళ్ళు అమెరికాకి పోస్టులో వెళ్ళవు, విత్తనాలకైతే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, మనలాంటివాళ్ళు నాలుగు గింజల కోసం తెచ్చుకునేది కాదు. పళ్ళ బదులు ఏం ఇవ్వగలం అని షీటులో ప్రశ్న గుర్తు పెట్టాను.

పదిహేనొందల రూపాయల గ్రో బ్యాగుల (మొక్కలు పెంచే సంచుల) సెట్ అడిగినవారు ఒకరున్నారు. నియమం చదవలేదట. ఫోన్ చేసి చెబితే ఏమీ అనుకోకుండా బచ్చలి తీగ అని మార్చుకున్నారు.

డిసెంబర్ 15

పాత విత్తనం పంపి మొలవకపోతే ఇచ్చినవాళ్ళకీ తీసుకున్నవాళ్ళకీ బాధే. అందుకని ఇచ్చేవాళ్ళందరినీ పది గింజలు తడిగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఎన్ని మొలిచాయో ఫొటో పెట్టమన్నాను. నా దగ్గరున్న గోంగూర మూడో రోజుకే తొమ్మిది పగిలాయి. గుడ్డ విప్పితే తెల్లటి వేళ్ళు బియ్యపు పురుగుల్లా బయటికి వచ్చి గుడ్డ నేతలోకి దూరి ఉన్నాయి, పీకితే తెగుతాయేమో అని గుడ్డ ముక్కతో సహా కుండీలో పెట్టేశాను. బీర పదికి ఏడు. పొట్ల పదికి నాలుగే, కానీ పొట్ల గింజ తోలు మందం, ఆలస్యంగా లేస్తుంది, ఆరో రోజుకి ఎనిమిదయ్యాయి.

ఒకరి ఉల్లి విత్తనం పదికి సున్నా. రెండేళ్ళ కిందటిదట. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మకూడదు. ఆయన చాలా నొచ్చుకున్నారు, "ఇంత జాగ్రత్తగా దాచానండీ" అని. మీ ఇంటి మెంతులే పంపండి, అడిగినావిడకి అవీ కావాలి అని సర్దాను.

డిసెంబర్ 17

నిన్న ధనుర్మాసం మొదలైంది. పొద్దున్నే గుడి మైకులో తిరుప్పావై వింటూ కవర్ల పని పెట్టుకున్నాను.

ఐదు రోజుల కిందట పరీక్షకని మూడు కవర్లు నా చిరునామాకే పోస్టు చేసుకున్నాను. మొదటిది మామూలు కవర్లో చిక్కుడు గింజలు వదులుగా వేసింది. అది చిల్లుపడి వచ్చింది, లోపల మూడు గింజలే మిగిలాయి, అందులో ఒకటైతే రెండు ముక్కలైంది. ఉత్తరం మీద ముద్ర కొడతారు కదా, ఆ దెబ్బకి గింజ కాగితాన్ని చీల్చుకుంది. రెండోది ప్లాస్టిక్ సంచిలో పెట్టింది, గింజలు బాగానే ఉన్నాయి కానీ లోపల చెమ్మ పట్టింది. మూడోది నెల్లూరు అక్క ఉపాయం: పాత పెళ్ళి శుభలేఖ అట్టని కవరు సైజుకి రెండు ముక్కలు కోసి, ఒక ముక్కలో చిన్న గడి కత్తిరించి, ఆ గడిలో గింజలు పరిచి, పైన పల్చటి కాగితం అతికించి, రెండో ముక్క మూతలా పెట్టడం. గింజ కదలదు, ముద్ర పడినా అట్ట కాస్తుంది. ఇది చెక్కుచెదరకుండా వచ్చింది.

శుభలేఖలు ఎవరింట్లో లేవు? బీరువా పైన కట్టలు కట్టలు. గుంటూరు నుంచి ఒకరు ఫొటో పెట్టారు, 2009 నాటి వాళ్ళ తమ్ముడి పెళ్ళి శుభలేఖ, వినాయకుడి బొమ్మ పక్కన గడి కోసి అందులో ఎనిమిది బెండ గింజలు. బాగుంది చూడ్డానికి.

వంటింటి త్రాసు మీద తూస్తే గింజలతో సహా 14 గ్రాములు వచ్చింది. 20 గ్రాముల్లోపు మామూలు ఉత్తరానికి ఐదు రూపాయల స్టాంపు సరిపోతుంది. రిజిస్టర్డ్ పోస్టు ఈమధ్యే స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, స్పీడ్ పోస్టు అయితే 50 గ్రాముల్లోపు బయటి ఊరికి 47 రూపాయలు, పైన జీఎస్టీ. పది రూపాయల గింజలకి అంత ఎందుకని చాలామంది మామూలు పోస్టే అన్నారు. నేనూ సరేనన్నాను, కాకపోతే నెల ముందే పంపేయాలి.

డిసెంబర్ 24

మాస్టారి ఉత్తరం సంగతి. ఒకరు రాస్తే చాలు, కోరిక తీరినట్టే. కానీ షీటులో ఆ వరసలో "తీర్చేది ఎవరు" గడిలో పదకొండు మంది పేర్లు రాసుకున్నారు. ఒక్కరే చాలంటే ఎవరూ తగ్గలేదు. పోస్టు కార్డు ఇప్పటికీ అర్ధరూపాయే, ఇన్లాండ్ లెటర్ రెండున్నర. మా ఊరి పోస్టాఫీసులో కార్డులు అడిగితే ఆయన వెతికి ఇచ్చారు.

నేను రాసింది ఒకటిన్నర పేజీ. చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో, మూడో వాక్యానికే వేళ్ళు నొప్పి పుట్టాయి. ఫోన్లో అయితే కొట్టేసి మళ్ళీ రాస్తాం, ఇక్కడ అలా కుదరదు, ఏం చెప్పాలో ముందే అనుకుని రాయాలి. నేతిబీర తీగ ఎండిపోతున్నప్పుడు చివరి కాయని విత్తనానికి వదిలేసి, అది తీగ మీదే ఎండి ఊపితే గలగలలాడే దాకా ఆగాను, అది రాశాను.

జనవరి 3, 2026

దెబ్బ తగిలింది. బొడ్డుమల్లె కొమ్మ చచ్చిపోయింది. తణుకు నుంచి తడిగుడ్డ చుట్టి, అరటి దొన్నెలో పెట్టి ఒక కొరియర్లో పంపారు. రెండు రోజుల్లో వెళ్ళాల్సింది తొమ్మిది రోజులు పట్టింది. ఆదిలాబాద్‌లో విప్పేసరికి ఆకులన్నీ నల్లబడి, గుడ్డ బూజు పట్టి ఉంది. అందుకున్న చెల్లెలు ఆ ఫొటో గ్రూపులో పెట్టకుండా నాకు మాత్రం పంపింది, "పంపినాయన బాధపడతారు అక్కా" అని. కానీ చెప్పక తప్పదు, మళ్ళీ ఇంకొకరు అలాగే పంపితే? చెప్పాను. తప్పు మాది కూడా, వేరులేని కొమ్మ తొమ్మిది రోజులు తడిలో ఉండలేదు, ముందే వేరు తెప్పించి పంపాల్సింది.

ఇప్పటికి 26 చేరాయి. రెండు కవర్లు ఎటు పోయాయో తెలియలేదు, వాటి బదులు మళ్ళీ పంపించాం.

జనవరి 10

సకినాలు. ఇది ఎవరికివ్వాలా అని భయపడ్డాను, ఎందుకంటే ముట్టుకుంటే విరిగే వస్తువు. వరంగల్ అక్క ముందుకొచ్చారు. బియ్యం నానబోసి, పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చుట్టలు చుట్టి వేయించి, ఆ తర్వాత డబ్బాలో అడుగున బొరుగులు పోసి, ఒక వరస సకినాలు, మళ్ళీ బొరుగులు, అలా పైదాకా నింపారు. థర్మోకోల్ ఎందుకు, బొరుగులైతే తర్వాత అవీ తినొచ్చు అన్నారు. చెన్నై చేరేసరికి పాతికలో నాలుగు విరిగాయి. తమ్ముడు బొరుగుల్లో ఉల్లిపాయ, కారం వేసుకుని రూములో నలుగురూ తిన్నారట. "అక్కా, మా అమ్మ కూడా వాము కొంచెం ఎక్కువే వేస్తది" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. వరంగల్ అక్క దాన్ని ఎన్నిసార్లు విన్నారో.

అనపకాయలు కూడా చేరాయి. పుంగనూరు నుంచి అర కిలో కాయలు, తిరుపతిలో విశాఖ రైలెక్కుతున్న మా గ్రూపు ఆయన చేతికి అందించారు. విడిగా ఎండు గింజలు ఒక పిడికెడు, బూడిద కలిపి. అనప చలికాలంలో కాస్తుంది కాబట్టి ఆ గింజలు వానాకాలం దాకా దాచుకోవాలి. విశాఖ ఆవిడ కాయల్లోంచి వలిచిన గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి పప్పు పితుకుతున్న వీడియో పెట్టారు. మాటల్లేవు, పక్కన కుక్కర్ విజిల్ తప్ప.

జనవరి 14, భోగి

డల్లాస్ అమ్మాయికి ఏం ఇచ్చామో రాయాలి. పళ్ళు పంపలేం గానీ పెద్దవాళ్ళని పంపొచ్చు అన్నది పాలకొల్లు అత్తయ్యగారు. గ్రూపులో అరవై దాటినవాళ్ళు పద్నాలుగు మంది ఒక్కొక్కరూ ఆ బాబు పేరు పెట్టి దీవిస్తూ వాయిస్ మెసేజ్ రికార్డ్ చేశారు. ఒకరు దిష్టి తీసే మాటలు, ఒకరు గొబ్బి పాటలో రెండు చరణాలు, మాస్టారు "నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా" అని, వెనక కోడి కూత. అక్కడ భోగి సాయంత్రం అంటే మనకి తెల్లవారితే సంక్రాంతి, పదకొండున్నర గంటల తేడా. రేగుపళ్ళ బదులు వాళ్ళు క్రాన్‌బెర్రీలు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు కలుపుకున్నారు. ఆ పద్నాలుగు గొంతులూ వరసగా పెట్టి, ఒక్కొక్కటి వినిపిస్తూ ఒక్కో దోసిలి పోస్తామని రాసింది.

ఇవాళ్టికి 43కి 38.

జనవరి 16, కనుమ

పాలకొల్లు నుంచి పది రోజుల కిందటే వచ్చింది నా కోరిక. గీతల నోటు పుస్తకంలోంచి చింపిన ఆరు కాగితాలు, ఒక్కో దాంట్లో ముగ్గు ఒక్కో మెట్టు. మొదటిదాంట్లో రెండు అడ్డగీతలు మాత్రమే, కింద "ఇదే అడుగు. ఇది వంకరైతే రథం ఒరుగుతుంది" అని రాసి ఉంది. రోజూ రాత్రి మిద్దె మీద సుద్దముక్కతో వేశాను. సుద్దముక్కతో వచ్చింది ముగ్గుపిండితో రాలేదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారే వేగమూ చెయ్యి నడిచే వేగమూ ఒకటి కావాలి, లేకపోతే ఒకచోట కుప్ప, ఒకచోట ఖాళీ. నాలుగో రోజుకి తెలిసింది, అమ్మ ముగ్గేసేటప్పుడు ఎప్పుడూ మాట్లాడేది కాదు ఎందుకో.

పొద్దున ఐదున్నరకి కళ్ళాపి చల్లి వేశాను. ఎడమ చక్రం కొంచెం పెద్దదైంది. జెండా పెట్టాక తాడు గీయాలి కదా, రథం ముగ్గు తాడు పక్కింటి ముగ్గు దాకా లాగి కలుపుతారు. మా పక్కింట్లో ఈమధ్యే అద్దెకొచ్చిన కొత్త జంట, వాళ్ళ వాకిట్లో చిన్న పద్మం వేసి ఉంది. తాడు వాళ్ళ గేటు దాకా తీసుకెళ్ళి ఆగాను. ఆ అమ్మాయి లోపల నుంచి చూసినట్టుంది, పిండి గిన్నె పట్టుకుని వచ్చి ఏమీ అడక్కుండా తన పద్మం నుంచి ఒక గీత లాగి నా తాడుకి కలిపింది.

ఫొటో పెట్టాను. అత్తయ్యగారు "ఎడమ చక్రం" అని రాసి, తర్వాత రెండు చేతులెత్తి దీవించే బొమ్మ పెట్టారు.

జనవరి 25, రథసప్తమి

బెంగళూరులో ఉండే పెద్దాయన ఒకరి కోరిక ఇవాళ్టికి వాయిదా వేశాం. ఏడు జిల్లేడు ఆకులు, గుప్పెడు చిక్కుడు ఆకులు, పది చిక్కుడుకాయలు. పదకొండో అంతస్తులో ఉంటారు, చుట్టుపక్కల జిల్లేడు మొక్క కనపడదు, పోస్టులో పంపితే ఆకు వాడిపోతుంది. అదే ఊళ్ళో ఉండే గ్రూపు తమ్ముడు నిన్న సాయంత్రం లేఅవుట్ ఖాళీ స్థలాల్లో వెతికి, పాలు చేతికంటకుండా జాగ్రత్తగా కోసి, మిద్దె మీది చిక్కుడు పందిరి నుంచి ఆకులు, కాయలు తెంపి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. మూడేళ్ళుగా ఒకే ఊళ్ళో, ఒకే గ్రూపులో ఉన్నారిద్దరూ, కలవడం ఇదే మొదలు.

ఇందాక పెద్దాయన ఫొటో పంపారు. చీపురు ఈనెలతో గుచ్చిన చిక్కుడుకాయల రథం, పక్కన చిక్కుడు ఆకుల్లో పెట్టిన పరమాన్నం, ఆకు మీద పాయసం జారి పీటంతా అయింది.

షీటులో ఆ వరస ఆకుపచ్చ చేశాను. 43కి 41. మిగిలినవి రెండు. తెల్ల శంఖుపుష్పం ఇస్తానన్న ఆమె తీగ మీద కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, ఎండాక పంపుతానన్నారు. తణుకు ఆయన బొడ్డుమల్లె కొమ్మలు మూడు ఇసకలో గుచ్చారు, వేరు పోసుకున్నాక పంపుతారట. ఈసారి తడిగుడ్డ వద్దు, కొబ్బరి పీచు చుట్టండి, మూతకి రెండు చిల్లులు పెట్టండి అని చెప్పాను.